సభ్యుల్లేని కుటుంబం

గుండ్లకమ్మ విశ్వవిద్యాలయంలో కుర్చీ దొరకడం కంటే డాక్టరేటు దొరకడం తేలికని పూర్వం అనేవారు. ఆచార్య మల్లవరపు సుదర్శనంగారు ఉపకులపతిగా వచ్చాక ఆ తేడా కూడా లేకుండా చేశారు. రెండూ దొరకడం మానేశాయి.

వకుళకి రెండూ కావాలి. నిజం చెప్పాలంటే ఆమెకి కావాల్సింది కుర్చీ ఒక్కటే, డాక్టరేటు దానికి నిచ్చెన. గణితశాఖలో ఆమె అతిథి అధ్యాపకురాలు. అతిథి అన్నారు కదా అని కాళ్ళకి నీళ్ళిచ్చి లోపలికి పిలుస్తారనుకునేరు. పాఠం చెప్పినంతసేపూ నిలబడాలి, పాఠం అయ్యాక స్టాఫ్ రూం బయట కిటికీ అరుగు మీద కూర్చోవాలి. లోపలి కుర్చీలన్నీ పర్మనెంటు వాళ్ళవి. ఓ మధ్యాహ్నం లోపల ఎవరూ లేరు కదా అని టిఫిన్ డబ్బాతో వెళ్ళి కూర్చోబోతే అటెండరు మస్తానమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"ఆడ కూర్చోమాకమ్మా. సారు రాకపోయినా ఆయన కుర్చీ ఆయనదే," అంది.

మస్తానమ్మ చెడ్డది కాదు. ఆ మర్నాడు కిటికీ అరుగు శుభ్రంగా తుడిచి పెట్టింది. వకుళ మాత్రం ఆ మధ్యాహ్నం డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తీసుకెళ్ళింది. వయసు ముప్పై దాటింది, ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు బ్యాంకుల్లో తిరిగే కుర్చీల్లో కూర్చుంటున్నారు, తను ఇంకా అరుగు మీదే ఉంది.

ఆమె పరిశోధన క్వాంటం కలనంలో లంబ బహుపదుల మీద. ఆ మాట చూసి ఎవరూ భయపడనక్కర్లేదు. పాతకాలపు గణితవేత్తలు బహుపదులతో కొన్ని కుటుంబాలు కట్టి పెట్టారు. అలాంటి కుటుంబంలో ఏ ఇద్దరు సభ్యుల్ని తీసుకుని గుణించి, తగిన తూకం వేసి, మొత్తం కూడినా సున్నా వస్తుంది. అంటే ఒకరి జోలికి ఒకరు పోరు, ఒకరి వాటా ఒకరు తినరు. లంబత్వం అంటే అదే. ఇలాంటి కుటుంబం మన చుట్టుపక్కల మండలాల్లో ఒక్కటీ లేదు గనకే పాపం వాళ్ళు కాగితం మీద కట్టుకున్నారు. ఇక క్వాంటం కలనం అంటే, కాలేజీలో చెప్పే మామూలు కాలిక్యులస్‌లాగా నేలకి రాసుకుంటూ పాకకుండా అంగలు వేసుకుంటూ నడిచే కలనం. ఆ అంగ ఎంతన్నది క్యూ అనే ఇంగ్లీషు అక్షరం చెబుతుంది. పాత కుటుంబాన్ని తెచ్చి, దానికి క్యూ తగిలించి, ఇప్పుడు కూడా సభ్యులు ఒకరి జోలికొకరు పోవడం లేదని రుజువు చేస్తే దాన్ని సాధారణీకరణ అంటారు. అంతా అయ్యాక చివర్న "క్యూ ఒకటైతే పాత ఫలితం వస్తుంది" అని ఒక వాక్యం రాస్తారు. అది ఉత్తరం చివర "ఇట్లు తమ విధేయుడు" అని రాయడం లాంటిది. విధేయుడో కాదో ఎవరూ వెళ్ళి చూడరు.

ఆమె గైడు దశిక విశ్వపతిశాస్త్రిగారు. మంచివారు, మెత్తనివారు, గట్టిగా తలుపు కూడా వెయ్యని మనిషి. జూన్ నెలాఖరుకి రిటైరవుతారు. ఈలోగా వకుళ పట్టా పుచ్చుకుంటే ఆయన ఖాళీ చేసే కుర్చీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. లేకపోతే కొత్త గైడు, మళ్ళీ ఓనమాలు.

థీసిస్ అప్పటికి పూర్తయింది, బైండింగుకి కూడా ఇచ్చింది. సరిగ్గా అప్పుడే ఉపకులపతిగారు ఒక సదస్సుకి వెళ్ళొచ్చారు.

సుదర్శనంగారిది చేపల పెంపకం శాస్త్రం. ఆ సదస్సు దేని గురించో ఆయనకీ సరిగ్గా గుర్తులేదు. భోజనాలకి ముందు మాట్లాడిన పెద్దమనిషెవరో "సాధారణీకరణే జ్ఞానం, తక్కినదంతా స్పెషల్ కేసు" అన్నాడట. ఆ ముక్క ఆయన మనసుకి చేప ముల్లులా గుచ్చుకుంది. తిరిగొచ్చిన రోజే నవ్యతా నిర్ధారణ విభాగం అని ఒకటి పెట్టి, పెన్షన్ సెక్షన్లో బహుకాలం పనిచేసి ఏ ఫైలునైనా ఆపగలిగిన డిప్యూటీ రిజిస్ట్రారు సోమలింగంగారిని దానికి అధిపతిని చేశారు. మర్నాడే సర్క్యులర్ వచ్చింది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మరియొక దానికి స్పెషల్ కేసు అయిన ఏ విషయమునూ ఈ విశ్వవిద్యాలయము నూతనముగా పరిగణించజాలదు. ఎవరి కుటుంబములోని సభ్యులైనను మరియొక కుటుంబములో సభ్యులుగా నున్నట్లు రుజువైనచో సదరు కుటుంబమును తిరస్కరించవలెను."

వకుళ థీసిస్ విభాగానికి వెళ్ళింది. తీరా చూస్తే, అదే శాఖలో రీడరు చెన్నుపాటి కోదండపాణి ఆ కుటుంబానికే పి అనే ఇంకో అక్షరం కలిపి విశ్వవిద్యాలయం పత్రికలో అచ్చేయించి ఉన్నాడు. కోదండపాణికి సొంతంగా ఒక ఆలోచన రావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఎదుటివాళ్ళ ఆలోచన పక్కన ఒక అక్షరం పెట్టడంలో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. పరిశోధన సంఘంలో సభ్యుడు కాబట్టి అందరి థీసిస్‌లూ ముందు ఆయన చేతికే వస్తాయి. పి ఒకటైతే వకుళ ఫలితం వస్తుంది గనక వకుళ స్పెషల్ కేసు అయిపోయింది.

శాస్త్రిగారు మూడ్రోజులు తల పట్టుకుని, "ఇంకో అక్షరం కలుపుదాం తల్లీ. ఏం చేస్తాం," అన్నారు.

కలిపింది. కోదండపాణి మరొకటి కలిపాడు. ఆమె రెండు కలిపితే ఆయన మూడు కలిపాడు. వేసవి వచ్చేసరికి ఇంగ్లీషు అక్షరాలు నిండుకున్నాయి, గ్రీకు అక్షరాలు ఆయన ముందే రిజర్వు చేసుకున్నాడు. వకుళ తెలుగులోకి దిగింది. అ నుంచి మొదలుపెడితే ఆయన హ దగ్గర్నుంచి ఎదురొచ్చాడు. ఎవరూ ముట్టని బండి ఱ ఒకటి మూల పడి ఉంటే దాన్ని దుమ్ము దులిపి వాడుకుంది. విభాగం ఆ ఫైలుని తెలుగు శాఖకి పంపింది. "బండి ఱ అనునది సాధారణ ర యొక్క స్పెషల్ కేసు అగునా, కాదా? తమరి అభిప్రాయము సత్వరము తెలుపగలరు" అని దాని మీద రాసి ఉంది. తెలుగు శాఖ రెండుగా చీలి ఇప్పటికీ కొట్టుకుంటోంది.

నియమం అక్కడితో ఆగితే లెక్కల వాళ్ళ బాధ లెక్కల వాళ్ళు పడేవారు. మంచి నియమం ఒక శాఖకే పరిమితమైతే అది కూడా స్పెషల్ కేసే కదా అన్నారు ఉపకులపతిగారు. ముందు క్యాంటీన్ మీద పడ్డారు. ఇడ్లీ, దోసె, ఊతప్పం విడివిడిగా చేయడం అజ్ఞానమని, మూడూ పిండికి స్పెషల్ కేసులేనని విభాగం తేల్చింది. ఆనాటి నుంచి క్యాంటీన్లో పళ్ళెంలో గరిటెడు పిండి పోసి ఇస్తున్నారు. వేడి అనే అంశాన్ని వినియోగదారుడు తన ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చునని గోడ మీద బోర్డు కట్టారు. పిల్లలు గొడవ చేయబోతే సోమలింగంగారు స్వయంగా వెళ్ళి, పిండిలో ఇడ్లీ ఉన్నదా లేదా అని అడిగారు. లేదని ఎవరూ చెప్పలేకపోయారు.

తర్వాత పరీక్షలు. అన్ని సబ్జెక్టులకీ కలిపి ఒకే ప్రశ్నపత్రం తయారైంది, అందులో ఒకే ప్రశ్న: "ఇచ్చిన అంశమును వివరింపుము." అంశం ఇవ్వలేదు, ఇస్తే స్పెషల్ కేసు అవుతుంది. వకుళ వాళ్ళమ్మకి కంటి ఆపరేషన్ ఉండి సెలవు చీటీ పెడితే అది కూడా తిరిగొచ్చింది. పోయినేడు ఎవరో "కుటుంబ కారణముల వలన" సెలవు తీసుకున్నారట, తల్లి కన్ను అందులో ఇమిడిపోయి ఉందట. వకుళ సెలవు లేకుండానే వెళ్ళి అమ్మ మంచం పక్కన కూర్చుని కాగితాలు నింపుతూ ఉంది. ఏం రాస్తున్నావే అని కళ్ళకి గంతలతో ఉన్న తల్లి అడిగితే, కుటుంబం అంది. అయితే అందులో అబ్బాయిలెవరైనా ఉన్నారేమో చూడమంది తల్లి.

ఆ మంచం పక్కనే ఆమెకి తెగింపు వచ్చింది. ఒక్కొక్క అక్షరం కలుపుతూ పోతే కోదండపాణి ఎప్పుడూ ఒక అడుగు ముందుంటాడు. ఇక ఎవరూ ఏమీ కలపలేనంత పెద్ద కుటుంబం కట్టాలి. ఉన్న అక్షరాలన్నీ వేసింది. ఒక్కో అక్షరానికీ దాని మర్యాద దెబ్బతినకుండా ఒక్కో షరతు పెట్టింది. లంబత్వాన్ని ఎక్కడా తప్పులేకుండా రుజువు చేసింది. చివర్న చేతి అలవాటు కొద్దీ, అక్షరాలన్నీ ఒకటైతే పాత ఫలితం వస్తుందని రాసింది. కోదండపాణి దాన్ని వారం రోజులు తిరగేసి, తనకి మిగిలిన అక్షరమంటూ లేక, మొదటిసారి సంతకం పెట్టాడు. వైవాకి తేదీ వేశారు. శాస్త్రిగారి పదవీ విరమణ సభా ఆ వారంలోనే.

వైవాకి ముందు రోజు పొద్దున వకుళ కిటికీ అరుగు మీద కూర్చుని ఉంది. చేయడానికి పనేమీ లేక, లోకంలో ఎవరూ చేయని పని ఒకటి చేసింది. చివరి వాక్యం నిజమో కాదో చూద్దామని అక్షరాలన్నిటికీ ఒకటి పెట్టింది. పాత ఫలితం రాలేదు. కొత్త ఫలితమూ రాలేదు. ఏదీ రాలేదు. వెనక్కి వెళ్ళి వెతికితే ఏడో షరతు ప్రకారం తూకం ఎక్కడా సున్నా కాకూడదు. కోదండపాణి అక్షరం కోసం పెట్టిన పందొమ్మిదో షరతు ప్రకారం అది ఎక్కడో ఒకచోట సున్నా కావాలి. ఈ రెండిటినీ ఒక్కసారి భరించే బహుపది పుట్టలేదు, పుట్టదు. ఆమె అంత కష్టపడి కట్టిన ఇంట్లో మనిషన్నవాడు లేడు. ఏనుగే లేనివాడు మా పెరట్లో ఏనుగులన్నీ తెల్లవే అన్నట్టుంది ఆమె సిద్ధాంతం. కాదనాలంటే ఎవరైనా ఆ పెరట్లోంచి ఒక నల్ల ఏనుగుని తోలుకురావాలి.

వకుళ కాగితాలన్నీ పోగుచేసుకుంది. శాస్త్రిగారి దగ్గరికి పరుగెత్తి చెప్పింది. ఆయన రెండు షరతుల మీదా వేలు పెట్టి చదివారు. తప్పు తనది కూడా అన్నారు. రుజువులు చూశాను గానీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని తలుపు తట్టలేదు, ఇన్నేళ్ళ సర్వీసులో ఏ థీసిస్‌కీ తట్టలేదు అన్నారు. రేపు ఏం చెప్పమంటారని ఆమె అడిగితే, "నిన్ను నోరు మూసుకోమనడానికి నాకు నోరు రావడం లేదు తల్లీ," అన్నారు. ఆ మాటతో ఆమెకి ఏడుపొచ్చేసింది. కుర్చీ అంత దగ్గరకొచ్చి మళ్ళీ అరుగైపోయింది.

వైవా పాలకమండలి హాల్లో జరిగింది. ఉపకులపతిగారు మధ్యలో, ఒక పక్క సోమలింగంగారు, ఇంకో పక్క కోదండపాణి. వకుళ లేచి నిలబడి, తిప్పకుండా ఒక్క ముక్కలో చెప్పేసింది. రుజువులన్నీ సరైనవే గానీ ఈ కుటుంబంలో సభ్యులెవరూ లేరని, థీసిస్ వెనక్కి తీసుకుంటానని అంది.

శాస్త్రిగారు కళ్ళు మూసుకున్నారు. ఉపకులపతిగారు ముందుకి వంగారు.

"అంటే సభ్యుల మధ్య ఏ తగాదా లేనట్టే కదమ్మా?"

"సభ్యులే లేరండి."

"అదే నేనంటున్నది. ఎవరి జోలికీ ఎవరూ పోవడం లేదు. ఫిర్యాదుల్లేవు, యూనియన్ లేదు," అంటూ ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ముఖం వెలిగిపోతోంది. తన చెరువుల్లో కూడా చేపలు వదలకముందు ఒక్క చేపకీ జబ్బు రాలేదని, అప్పుడా సంగతి లోతు తనకి తెలియలేదని అన్నారు.

కోదండపాణి ఊరుకోలేదు. ఎవరూ లేని కుటుంబం ప్రతి కుటుంబంలోనూ ఇమిడి ఉంటుందనీ, అంటే ఇది అన్నిటికీ స్పెషల్ కేసేననీ, లోకంలో ఇంతకంటే పాతది ఉండదనీ వాదించాడు. లెక్క ప్రకారం ఆయన అన్నది నిజమే. జీవితంలో ఆయన సొంతంగా చెప్పిన నిజం అదొక్కటే కావడంతో లేచి నిలబడి మరీ చెప్పాడు. సోమలింగంగారు సర్క్యులర్ తీసి కళ్ళజోడు సవరించుకున్నారు.

"సదరు నియమము ప్రకారము, ఈ కుటుంబములోని సభ్యుడొకడు వేరొక కుటుంబములో నున్నట్లు రుజువు కావలెను. ఆ సభ్యుని తమరు హాజరుపరచగలరా?"

కోదండపాణి హాజరుపరచలేకపోయాడు. వకుళకి ఏకగ్రీవంగా డాక్టరేటు ఇచ్చారు. తను తప్పు ఒప్పుకున్నదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదని ఆమెకి బయటికొచ్చాక తెలిసింది. దండ వేయించుకోవాలో దణ్ణం పెట్టి పారిపోవాలో అర్థం కాలేదు.

శాస్త్రిగారు శాలువాతో ఇంటికి వెళ్ళారు. ఆయన కుర్చీ ఖాళీ అయింది. దాని మీద ఆయన భార్య కుట్టిన బూరుగు దూది దిండు అలాగే ఉండిపోయింది. ఆ కుర్చీకి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని వకుళ రోజూ నోటీసు బోర్డు చూసేది. వచ్చింది. ఒక శాఖకే ఉద్యోగమిస్తే స్పెషల్ కేసు అవుతుంది కాబట్టి అన్ని శాఖల అర్హతలూ కలిపి ఒకే పోస్టు ప్రకటించారు. అభ్యర్థికి గణితంలోనూ, చేపల పెంపకంలోనూ, తెలుగులోనూ డాక్టరేటు ఉండాలి. వయసు ఇరవై ఎనిమిది దాటకూడదు. బోధనానుభవం ముప్పై ఏళ్ళకి తగ్గకూడదు. ఉపకులపతిగారు వకుళని పిలిపించి మరీ ఆ కాగితం చూపించారు. అంతా నీ థీసిస్ చలవేనమ్మా, ఇన్నేళ్ళలో అర్హుల మధ్య ఒక్క కోర్టు కేసు కూడా పడని నియామకం ఇదే అవుతుంది అన్నారు.

ఆమె కిటికీ అరుగు మీదకొచ్చి కూర్చుంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. తను కట్టిన ఇంటికి తననే కాపలా పెట్టారు. స్టాఫ్ రూంలో ఆ దిండున్న కుర్చీ ఖాళీగా, ఎవరితోనూ పేచీ లేకుండా, తన థీసిస్‌లాగే ఉంది. దాని వంక చూస్తూ చూస్తూ ఆమె కలం తీసింది. నవ్యతా నిర్ధారణ విభాగానికి నాలుగు వాక్యాల అర్జీ రాసింది. ఆ ఉద్యోగానికి అర్హులైన అభ్యర్థులందరూ సదరు కుర్చీని తనకి ఇచ్చేయడానికి మనస్ఫూర్తిగా సమ్మతించారనీ, ఇందులో అబద్ధముంటే సమ్మతించని అర్హుణ్ణి ఒక్కణ్ణయినా చూపించగలరనీ రాసింది. ఇట్లు తమ విధేయురాలు అని కూడా రాసింది.

సోమలింగంగారు ఆ అర్జీని ఆపాలనే చూశారు. ఆయన చేతిలో ఆగని ఫైలు లేదు. సమ్మతించని అర్హుడి కోసం అన్ని శాఖలకీ తాఖీదులు పంపారు, పత్రికలో ప్రకటన ఇచ్చారు. ఎవరూ రాలేదు. కోదండపాణి మాత్రం వచ్చి తనకి అభ్యంతరముందన్నాడు. తమరు అర్హులా అని అడిగారు. కాదని ఒప్పుకున్నాడు. "అట్లయిన తమరి అభ్యంతరము అర్హుల అభ్యంతరము కానేరదు," అని ఫైలు మూసేశారు. ఉపకులపతిగారు అర్జీ చదివి, ఇంతమంది ఏకగ్రీవంగా ఒకరిని బలపరచడం విశ్వవిద్యాలయ చరిత్రలో లేదని కళ్ళు తుడుచుకున్నారట. ఆర్డరు వచ్చింది. అర్హులందరి సమ్మతి మేరకు డాక్టర్ వకుళగారిని సదరు కుర్చీయందు నియమించడమైనదని అందులో ఉంది. అడుగున సోమలింగంగారు సొంత దస్తూరీతో "స్పెషల్ కేసుగా పరిగణించడమైనది" అని కలిపారు.

మర్నాడు పొద్దున వకుళ టిఫిన్ డబ్బాతో స్టాఫ్ రూంలోకి వెళ్ళింది. మస్తానమ్మ చీపురు పట్టుకునే ఉంది. ఆర్డరు చేతికిస్తే చదవమంది. వకుళ చదివి వినిపించింది.

"అందరూ ఒప్పుకున్నారా అమ్మా?"

"అందరూ."

"నేను గుమ్మంలోనే ఉంటిని, ఒక్కళ్ళూ కనపళ్ళేదే."

"కనపడేవాళ్ళు ఎప్పుడన్నా ఒప్పుకున్నారా మస్తానమ్మా?"

మస్తానమ్మ చీపురు పక్కన పెట్టి, దిండు దులిపి మళ్ళీ వేసింది. వకుళ కూర్చుంది.